ఎటిమ్‌ఆన్‌లైన్ సమీక్ష: ఒక్క 'నైస్'తో పరీక్ష పెడితే

హనుమకొండ చౌరస్తా పుస్తకాల షాపుల్లో దొరికే ఇంగ్లీష్–తెలుగు నిఘంటువుల్లో 'నైస్' అన్న విశేషణం పక్కన మామూలుగా 'మంచి, చక్కని, ఇంపైన' అని ఉంటుంది. కొంచెం పెద్ద పుస్తకమైతే చివర్లో 'సూక్ష్మమైన', 'నిక్కచ్చి అయిన' అనే అర్థాలు కూడా ఇస్తారు. ఇంపుకూ నిక్కచ్చితనానికీ పొత్తేంటి, ఏది ముందొచ్చింది, ఎప్పుడొచ్చింది అన్నది మాత్రం అందులో ఉండదు. అది ఆ పుస్తకాల తప్పు కాదు, వాటి పని అర్థం చెప్పడం వరకే. డీఎస్సీకి తయారయ్యేవాళ్లు, ఇంగ్లీష్ చెప్పే సార్లు, టీచరమ్మలు, అనువాదాలు చేసేవాళ్లు మాట పుట్టుక వెతకాలంటే ఇప్పుడు ఎక్కువగా ఫోన్లో తెరిచేది ఎటిమ్‌ఆన్‌లైన్. పూర్తి పేరు ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ. ఈ సమీక్ష దాని గురించే. పరీక్షకు తీసుకున్న మాట 'నైస్'. అంతకంటే మెలికలు తిరిగిన విశేషణం ఇంగ్లీషులో దొరకడం కష్టం కాబట్టి, నిఘంటువు బలమూ బలహీనతా రెండూ ఈ ఒక్క మాట దగ్గరే బయటపడతాయి.

ముందు సైటు సంగతి. డగ్లస్ హార్పర్ అనే అమెరికన్ 2000ల మొదట్లో ఒంటిచేత్తో మొదలుపెట్టిన పని ఇది. విశ్వవిద్యాలయం ప్రాజెక్టు కాదు. కొత్తగా పరిశోధన చేసి రాసింది కూడా కాదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ, ఎర్నెస్ట్ వీక్లీ, క్లైన్, బార్న్‌హార్ట్ అనే పండితుల పాత వ్యుత్పత్తి (మాట పుట్టుక) నిఘంటువులు ముందేసుకుని, వాటి సారం పిండి ఒక్కో మాటకు ఒకటి రెండు పేరాల్లో పెడతారు. చూడడానికి డబ్బు కట్టనక్కర్లేదు, ప్రకటనలు మాత్రం వస్తాయి. పేజీలో బొమ్మలు తక్కువ, అక్షరాలే ఎక్కువ.

వెతికేటప్పుడు తెలుగు లిపిలో కొడితే పని జరగదు, ఇంగ్లీష్ స్పెల్లింగే కొట్టాలి. మన లిపిలో 'నైస్' అని రాసేవి కనీసం రెండు వేర్వేరు మాటలున్నాయి. ఒకటి ఈ విశేషణం. రెండోది భూగోళం, భూగర్భశాస్త్రం పుస్తకాల్లో కనిపించే 'నైస్ శిల'. గ్రానైటుతో పాటు తెలంగాణ నేల అడుగున పరచుకున్న ముఖ్యమైన రాయి అదే. దాని ఇంగ్లీష్ స్పెల్లింగ్ 'జీ' అక్షరంతో మొదలవుతుంది, పలకరు. జర్మన్ నుంచి వచ్చింది, రాయిలో కనిపించే మెరుపును బట్టి 'నిప్పురవ్వ' అనే పాత జర్మన్ మాటతో ముడిపెడతారు. విశేషణంతో ఏ చుట్టరికమూ లేదు. ఇక 'నైస్' స్పెల్లింగుతోనే ఫ్రాన్సులో ఒక ఊరుంది, దాన్ని 'నీస్' అని పలకాలి. అది గ్రీకుల 'నికాయా', విజయదేవత పేరు మీద వెలిసిన ఊరు. దానికీ ఈ విశేషణానికీ సంబంధం లేదు.

స్పెల్లింగ్ కొట్టాక వచ్చే వరుసలో మాట పక్కన విశేషణమని గుర్తు ఉన్న శీర్షిక నొక్కాలి. కింద 'నైస్‌లీ', 'నైసిటీ' లాంటి పిల్లమాటలు కూడా కనిపిస్తాయి. వాటిని తర్వాత చూడొచ్చు.

శీర్షిక కింది మొదటి వాక్యంలోనే అసలు సరుకంతా ఉంది. 13వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఈ మాటకు అర్థం 'తెలివితక్కువ, ఏమీ తెలియని'. పాత ఫ్రెంచిలో ఇదే మాట 'మొద్దు, చేతకాని, అమాయకపు' అనే అర్థాల్లో ఉండేది. దాని వెనక లాటిన్ 'నెస్కియుస్', అంటే 'తెలియనివాడు'. 'నె' అంటే కాదు, లేదు. 'స్కీరే' అంటే తెలియడం. ఆ తర్వాత అర్థాలు మారిన వరుస సైటు ఇలా ఇస్తుంది: 1300కు ముందే 'పిరికి', 14వ శతాబ్దం చివర్లో 'ప్రతిదానికీ వంకలు పెట్టే', 1400 ప్రాంతంలో 'నాజూకైన', 1500ల్లో 'నిక్కచ్చి అయిన, జాగ్రత్తగల', 1769లో 'ఇంపైన', 1830లో 'దయగల'. విశేషణాలకు అర్థాలు మారడం మామూలే అయినా ఇది ఆ లెక్కకు కూడా మించిపోయిందని ఎర్నెస్ట్ వీక్లీ అన్న మాట కూడా అక్కడే ఉంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, అదీ అర్థాల దగ్గర కాదు, తేదీల దగ్గర. ఈ సైటులో ఇంగ్లీష్ 'సి' అక్షరం రెండు పనులు చేస్తుంది. అంకె తర్వాత వస్తే శతాబ్దం. అంకె ముందు, చుక్కతో వస్తే 'సిర్కా', అంటే 'సుమారు'. కాబట్టి '13' పక్కన 'సి' ఉంటే 1201 నుంచి 1300 దాకా. '1300' ముందు 'సి' ఉంటే 1300కు కొంచెం అటూ ఇటూ. కోచింగ్ నోట్సులో '13సి' చూసి '1300ల్లో' అని రాసుకుంటే వందేళ్ల తేడా వచ్చేస్తుంది. 'లేట్ 13సి' అంటే దాదాపు 1270–1300 మధ్య అనుకుంటే సరిపోతుంది.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి. ఆ తేదీలు మాట పుట్టిన రోజులు కావు. రాతలో మిగిలిన మొదటి ఆధారం తేదీలు. జనం నోట్లో అంతకుముందు ఎన్నేళ్లు నలిగిందో ఎవరూ చెప్పలేరు. 1700కు ముందు తేదీలన్నీ ఉజ్జాయింపుగానే తీసుకోవాలని సైటు తనే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక సైటు పరిచయ పేజీలో ఉంటుంది, మాట పేజీలో కనపడదు. అందుకే ఎవరూ చదవరు. 1769 అన్న అంకె చూసి 'ఆ ఏడాది నుంచి నైస్ అంటే మంచి' అని చెప్పడం తప్పు. ఆ అర్థంలో దొరికిన పాత రాత ఆ ఏడాదిది అని మాత్రమే చెప్పాలి.

అర్థాల వరుసను మెట్లలా చదవడం ఇంకో పొరపాటు. ఒక అర్థం దిగిపోయాకే ఇంకోటి ఎక్కలేదు. 16, 17 శతాబ్దాల్లో నాలుగైదు అర్థాలు ఒకేసారి వాడుకలో ఉన్నాయి. ఆనాటి చాలా వాక్యాల్లో రాసినవాడు ఏ అర్థం ఉద్దేశించాడో తేల్చడం కష్టమని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చెప్పిన మాటను ఎటిమ్‌ఆన్‌లైన్ కూడా ఎత్తి రాసింది. షేక్స్‌పియర్ 'రోమియో అండ్ జూలియట్' ఐదో అంకంలో ఉత్తరం రోమియోకు అందలేదని తెలిశాక పాదిరి లారెన్స్, ఆ ఉత్తరం 'నైస్' కాదు, బరువైన సంగతులున్నదని అంటాడు. అక్కడ నైస్ అంటే 'అల్పమైన, పట్టించుకోనక్కర్లేని'. పై వరుసలో ఈ అర్థం అసలు లేదు. కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లీష్ చదివేవాళ్లు ఎటిమ్‌ఆన్‌లైన్ ఒక్కటే నమ్ముకుంటే ఈ వాక్యం దగ్గర ఆగిపోతారు. ఒకటి రెండు పేరాల్లో సారం పిండినప్పుడు పక్కకు పోయే పిప్పి ఇలాంటిదే.

సైటు నిజంగా మెరిసేది వేర్ల దగ్గర. మాట వివరణలో రంగు మారిన అక్షరాలు నొక్కితే వేరు పేజీకి తీసుకుపోతాయి. వేరు ముందు నక్షత్రం గుర్తు ఉంటుంది. ఆ గుర్తుకు అర్థం, ఈ రూపం ఎక్కడా రాతలో దొరకలేదు, చుట్టపు భాషల్ని పోల్చి పండితులు కట్టిన ఊహా రూపం అని. దాని పక్కన 'పీఐఈ' అని ఉంటే ప్రోటో ఇండో–యూరోపియన్, అంటే సంస్కృతం, గ్రీకు, లాటిన్, ఇంగ్లీష్ అన్నిటికీ మూలమని భావించే భాష.

'నైస్'కు రెండు వేర్లు. ఒకటి '*నె', కాదు అని. ఆ పేజీ తెరిస్తే సంస్కృతం 'న', 'అ', 'అన్' వరుసలో కనిపిస్తాయి. మన 'నాస్తికుడు'లో (న + అస్తి) ఉన్న 'న', 'అజ్ఞాని'లో ఉన్న 'అ' ఇవే. రెండోది '*స్కెయ్', కోయడం, చీల్చడం. తెలియడం అన్న లాటిన్ 'స్కీరే' దీన్నుంచే వచ్చి ఉండొచ్చని, ఒకదాన్ని ఇంకోదాన్నుంచి విడదీసి చూడగలగడమే మొదట తెలివి అనిపించుకుందని సైటు వివరణ. ఇక్కడ 'బహుశా' అన్న మాట వాడతారు, దాన్ని ఎగరగొట్టి చదవకూడదు. అదే పేజీలో సంస్కృతం 'ఛినత్తి' ఉంది. మన ఛేదించడం, విచ్ఛిన్నం, విచ్ఛిత్తి ఆ 'ఛిద్' ధాతువువే. ఇంగ్లీష్ వైపు సైన్స్, కాన్షియస్, షెడ్యూల్, స్కిజోఫ్రీనియా, మంచు మీద జారే స్కీ, ఇవన్నీ ఈ వేరు కిందికే వస్తాయి. పదో తరగతి పిల్లలకు ఈ ఒక్క పేజీ చూపిస్తే ఒకే ఇంటి మాటలు పది గుర్తుంటాయి. విడివిడిగా బట్టీ పట్టే పని తప్పుతుంది.

ఒక జాగ్రత్త. ఈ చుట్టరికం మన తత్సమాలతోనే. సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన మాటలకు ఇంగ్లీషులో చుట్టాలుంటారు. అచ్చతెలుగు మాటలు ద్రావిడ కుటుంబానివి, వాటిని ఈ వేర్లకు అతికించబోతే పప్పులో కాలేసినట్టే. 'కోయు', 'చీల్చు' అర్థంలో దగ్గరగా ఉన్నాయని ఆ పేజీకి ముడేయకూడదు.

పిల్లమాటల్లో 'నైసిటీ' పేజీ తప్పక చూడాలి. మొదట దానికి అర్థం 'మూర్ఖత్వం', తర్వాత 'నిక్కచ్చితనం, సూక్ష్మత'. విశేషణం నడిచిన దారిలోనే నామవాచకమూ నడిచింది, కానీ 'మంచితనం' దాకా పూర్తిగా రాకుండా మధ్యలో ఆగింది. అందుకే 'నైసిటీ ఆఫ్ లా' అంటే 'చట్టంలోని మంచితనం' అని అనువదిస్తే తప్పు, 'చట్టంలోని సూక్ష్మం' అనాలి. కోర్టు ఇంగ్లీషులో ఇప్పటికీ వినిపించే 'నైస్ క్వశ్చన్ ఆఫ్ లా' కూడా అంతే. అది 'మంచి ప్రశ్న' కాదు, రెండు వైపులా వాదించదగ్గ సున్నితమైన న్యాయ ప్రశ్న. 'నైస్ డిస్టింక్షన్' అంటే పట్టి చూస్తే తప్ప తెలియని తేడా. పోటీ పరీక్షల్లో సమానార్థకాల ప్రశ్నలో 'నైస్' వచ్చి, ఇచ్చిన నాలుగు మాటల్లో 'ప్రిసైస్' లేదా 'సటిల్' కనిపిస్తే వాక్యం చదవకుండా 'ప్లెజెంట్' మీద గుర్తు పెట్టొద్దు.

అనువాదకులకు ఉపయోగపడేలా ఒక్కో పాత అర్థానికి తెలుగు మాట వెతికితే, దాదాపు అన్నిటికీ మన దగ్గర మాటలున్నాయి. వంకలు పెట్టే మనిషి అన్న అర్థానికి 'చాదస్తం' కొంతవరకు సరిపోతుంది, కానీ తిండి, బట్ట దగ్గర పేచీలు పెట్టే రకానికి ఇక్కడి 'నకరాలు' ఇంకా దగ్గర. 1400 నాటి అర్థానికి 'నాజూకు' అతికినట్టు సరిపోతుంది. ఫార్సీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ఈ మాట నాజూకు చెయ్యికీ, నాజూకైన వ్యవహారానికీ రెండిటికీ చెల్లుతుంది. ఇంగ్లీష్ 'నైస్' కూడా ఒకప్పుడు ఆ రెండు పనులూ చేసింది. నిక్కచ్చి అర్థానికి 'నిక్కచ్చి'నే వాడొచ్చు. ఇక నేటి అర్థానికి 'మంచిగున్నది' అంటే చాలు. 'ఉత్తమమైన', 'శ్రేష్ఠమైన' అని రాస్తే మాట బరువు పెరిగిపోతుంది. నైస్ అంత పొగడ్త కాదు. 1926లో ఫౌలర్ అనే నిఘంటుకారుడు ఇంగ్లీష్ వాడుక మీద రాసిన గ్రంథంలో ఈ మాట సొంత రంగు పోగొట్టుకుని పలుచటి ఇంపును చల్లే మాటగా మిగిలిందని విసుక్కున్నాడు. ఆ విసుగులో ఆడవాళ్ల మీద ఓ దెబ్బ కూడా వేశాడు. అది ఆయన కాలపు జబ్బు. ఎటిమ్‌ఆన్‌లైన్ దాన్ని వ్యాఖ్య లేకుండా ఎత్తి పెట్టింది, ఒక మాట జోడిస్తే బాగుండేది.

ఎటిమ్‌ఆన్‌లైన్‌లో నిజమైన లోటు ఉదాహరణలు. తేదీ ఇస్తారు, ఆ తేదీన ఎవరు ఏ వాక్యంలో వాడారో చాలాచోట్ల ఇవ్వరు. తీర్పు చెప్పి సాక్ష్యం చూపనట్టు ఉంటుంది. ఆ సాక్ష్యం కావాలంటే వేరే చోటికి పోవాలి, డబ్బు పెట్టకుండానే పోవచ్చు.

మొదటిది మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ల మిడిల్ ఇంగ్లీష్ డిక్షనరీ. దాదాపు 1100 నుంచి 1500 దాకా ఉన్న ఇంగ్లీషుకు దీన్ని మించింది లేదు, ఆన్‌లైన్‌లో ఉచితం. 'తెలివితక్కువ' అర్థంలో చాసర్ లాంటి కవుల వాక్యాలు అర్థాల వారీగా విడదీసి ఇస్తారు. స్పెల్లింగ్ అప్పట్లో 'ఐ' బదులు 'వై'తో కూడా రాసేవాళ్లు, ఉదాహరణల్లో రెండూ కనిపిస్తాయి. ఇక్కడ తేదీలు చదవడం ఇంకో తీరు. బ్రాకెట్ బయటున్నది చేతిరాత ప్రతి రాసిన కాలం, బ్రాకెట్ లోపలున్నది కవి ఆ రచన చేసిన కాలం. తేదీ ముందు 'ఏ' అక్షరం ఉంటే 'అంతకుముందు', 'సి' ఉంటే 'సుమారు'. రెండు నిఘంటువుల్లో ఒకే మాటకు రెండు తేదీలు కనిపించి గొడవ పడేవాళ్లకు చాలాసార్లు జవాబు ఇదే. ఒకరు ప్రతి తేదీ తీసుకున్నారు, ఇంకొకరు రచన తేదీ తీసుకున్నారు.

తేదీలు తేడా రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. మెరియమ్–వెబ్‌స్టర్ ఉచిత సైటులో 'నైస్' మొదటి వాడుక 14వ శతాబ్దం అని ఉంటుంది. ఎటిమ్‌ఆన్‌లైన్ 13 చివర అంటుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. మెరియమ్–వెబ్‌స్టర్ ఆ తేదీ తను ఇచ్చిన ఏ అర్థానికి చెందిందో పక్కనే చెబుతుంది. 'మొద్దు' అన్న మొట్టమొదటి అర్థం ఆ అర్థాల లెక్కలో లేదు, వ్యుత్పత్తి వాక్యంలో మాత్రం ఉంది. ఆ చిన్న అక్షరాల లైను చదవకుండా తేదీ ఒక్కటే ఎత్తుకోవద్దు.

రెండోది ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ. ఇప్పటి ఆన్‌లైన్ ప్రతి పూర్తిగా చూడాలంటే ఏటా చందా కట్టాలి. ఒక్కరే కట్టుకోవాలంటే మన దగ్గర బడి జీతానికి బరువే. కానీ మొదటి ముద్రణ స్కానులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. అప్పుడు దాని పేరు 'న్యూ ఇంగ్లీష్ డిక్షనరీ ఆన్ హిస్టారికల్ ప్రిన్సిపుల్స్', ఆ పేరుతో వెతకాలి. కావాల్సింది ఆరో సంపుటి, 'ఎల్' నుంచి 'ఎన్' దాకా, 1908లో వచ్చింది. అంటే హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం గ్రంథాలయం వెలిసిన నాలుగేళ్లకు. అందులో 'ఎన్' భాగం సంపాదకుడు విలియం క్రేగీ. ఫైలు చాలా పెద్దది, డౌన్‌లోడ్ చేసుకోకుండా బ్రౌజరులోనే పేజీలు తిప్పుకోవడం మేలు. 'ఎన్'కు పేజీ అంకెలు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి, కాబట్టి అంకెను నమ్మకుండా పేజీ పైన ఉండే మాటలు చూసి జరుపుకుంటూ పోవాలి. అర్థం ముందు చిన్న కత్తి గుర్తు ఉంటే అది వాడుక తప్పిన అర్థం. 'నైస్' కింద ఆ కత్తులు ఎన్నున్నాయో చూస్తే ఈ మాట ఎన్ని జన్మలెత్తిందో తెలుస్తుంది. ఈ ప్రతిలోని తేదీలు వందేళ్ల కిందివి. ఆ తర్వాత పాత ఆధారాలు దొరికిన మాటలకు తేదీ వెనక్కి జరిగి ఉంటుంది. కాబట్టి తేదీకి ఎటిమ్‌ఆన్‌లైన్, ఉదాహరణలకు ఈ సంపుటి వాడుకోవాలి.

పాత నిఘంటువు పెద్దపేరుదైనా వ్యుత్పత్తి గుడ్డిగా నమ్మొద్దనడానికి శామ్యూల్ జాన్సన్ 1755 నిఘంటువు మంచి సాక్ష్యం. అది కూడా ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవొచ్చు. ఆయన 'నైస్'ను 'మెత్తని' అనే సాక్సన్ మాట నుంచి వచ్చిందన్నాడు. అది తప్పు. లాటిన్ దారి ఆయనకు తట్టలేదు. కానీ అర్థాల విషయంలో ఆయన్ను నమ్మొచ్చు, ఆయన చుట్టూ జనం వాడుతున్నదే రాశాడు. మొదటి అర్థం 'చిన్న చిన్న తేడాలు కూడా వదలని నిక్కచ్చి చూపు గల' అని ఇచ్చాడు. అది 1755 సంగతి. ఎటిమ్‌ఆన్‌లైన్ 'ఇంపైన' అర్థానికి 1769 ఇవ్వడంతో ఇది సరిగ్గా పొసుగుతుంది. ఇలా రెండు వేర్వేరు చోట్ల తేదీలు కుదిరితేనే పాఠంలో ధైర్యంగా చెప్పాలి.

తెలుగు వైపు వెతకడానికి ఆంధ్రభారతి నిఘంటు శోధన ఉంది. వాడపల్లి శేషతల్పశాయి, కాలెపు నాగభూషణరావు నడిపే ఈ సైటులో శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌన్ లాంటివి ఒకే పెట్టెలో వెతకొచ్చు. పైన చెప్పిన 'నాజూకు' లాంటి మాట ఎక్కడిదో తేల్చడానికి ఇదే సరైన చోటు. మొదట 1852లో వచ్చిన బ్రౌన్ తెలుగు–ఇంగ్లీష్ నిఘంటువు ఒక్కటే కావాలంటే, దాని 1903 సవరణ ప్రతి షికాగో విశ్వవిద్యాలయం వాళ్ల దక్షిణాసియా డిజిటల్ లైబ్రరీలోనూ ఉంది. బ్రౌన్ వాడిన ఇంగ్లీష్ 19వ శతాబ్దం నడిమిది. ఆయన వివరణల్లో 'నైస్' కనిపిస్తే దాన్ని నేటి అర్థంలో తీసుకునే ముందు ఒక్కసారి ఆగి, 'సున్నితమైన, నిక్కచ్చి' అర్థం అక్కడ పొసుగుతుందేమో చూడాలి.

ఈ ఇంగ్లీష్ నిఘంటువుల్లో ఏదీ చెప్పని ఇంకో బతుకు 'నైస్'కు మన మధ్యనే ఉంది. గిర్నీ కాడ 'కారం నైసుగ పట్టియ్యి' అంటారు, అంటే బరక లేకుండా మెత్తగా. దోసె పిండి నైసుగా రుబ్బాలంటారు. వడ్ల పనివాళ్లు గరుకు కాగితంతో రుద్దాక చెక్క 'నైసొచ్చింది' అంటారు, అంటే చేయి జారేంత నునుపు. 'నైసుగ మాట్లాడి పని చేయించుకున్నడు' అంటే తియ్యగా బుట్టలో వేశాడని. 'నైసుగ జారుకున్నడు' అంటే చప్పుడు కాకుండా తప్పించుకున్నాడని. ఇంగ్లీషులో వాడుక పలచబడిన 'సూక్ష్మమైన' అర్థం మన గిర్నీలో పిండి రూపంలో తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. కానీ కనిపించినంత మాత్రాన ఆ పాత అర్థమే నేరుగా ఇక్కడికి దిగిందని రాయొద్దు. రెండిటికీ మధ్య రాత ఆధారం చూపించాలి. చూపించకుండా కథ అల్లితే జాన్సన్ సాక్సన్ మాటకూ దీనికీ తేడా ఉండదు. ఆధారం పోగేయాలనుకునేవాళ్లకు తెలుగు విక్షనరీ తెరిచే ఉంది. ఎవరైనా పేజీ మొదలుపెట్టొచ్చు. 'నైసు' అని శీర్షిక పెట్టి, ఒక్కో అర్థం కింద అచ్చయిన తెలుగు వాక్యం, పత్రిక పేరు, తేదీ ఇస్తే చాలు. విన్న వాక్యం కంటే అచ్చయిన వాక్యం విలువ ఎక్కువ, దాన్ని ఇంకొకరు సరిచూసుకోగలరు.

ఎటిమ్‌ఆన్‌లైన్‌కు మార్కులేయాలంటే పుట్టుకకు ఐదుకు ఐదు, వేర్ల పేజీలకు ఐదుకు ఐదు, అర్థాల వరుసకు నాలుగు, ఉదాహరణలకు రెండు. తెలుగు వివరణ లేదు కాబట్టి ఇంగ్లీష్ చదవడం కొంత వచ్చినవాళ్లకే ఉపయోగం. ఇంటర్ పిల్లలకు ఇస్తే పక్కన ఒకరు ఉండి సంక్షిప్త గుర్తులు చెప్పాలి, ముఖ్యంగా ఆ 'సి' సంగతి.

నిజాయితీ పరీక్ష ఒకటి ఉంది, ఏ వ్యుత్పత్తి నిఘంటువుకైనా పెట్టొచ్చు. 'బ్యాడ్', 'బిగ్' అనే రెండు అతి మామూలు విశేషణాలు కొట్టి చూడాలి. రెండూ 1200, 1300ల ఇంగ్లీషులో కనిపిస్తాయి, రెండిటి పుట్టుకా ఇప్పటికీ తేలలేదు. ఎటిమ్‌ఆన్‌లైన్ 'బ్యాడ్'కు వేరే భాషల్లో చుట్టాలే కనపడని మిస్టరీ మాట అని ఒప్పుకుంటుంది, 'బిగ్' మూలం మసకే అంటూ స్కాండినేవియా వైపు అనుమానంగా వేలు చూపుతుంది. ఇలాంటిచోట గట్టిగా 'ఫలానా సంస్కృత ధాతువు నుంచి వచ్చింది' అని చెప్పే వాట్సాప్ పోస్టో, వీడియోనో, గైడో కనిపిస్తే, అది 'నైస్' గురించి చెప్పింది కూడా సరిచూసుకున్నాకే నోట్సులోకి ఎక్కించాలి.